సినిమా హాలు ఎవరి సొత్తు?

2024 డిసెంబరు 4 రాత్రి హైదరాబాదు ఆర్.టి.సి. క్రాస్ రోడ్స్‌లోని సంధ్య థియేటరు దగ్గర ‘పుష్ప 2’ ముందస్తు ప్రదర్శన సందర్భంగా తొక్కిసలాట జరిగింది. ఒక తల్లి అందులో చనిపోయింది. ఆమె కొడుకు ప్రాణాపాయ స్థితిలో ఆసుపత్రి పాలయ్యాడు. ఆ తర్వాత పత్రికల్లో, టీవీల్లో, చివరికి శాసనసభలో కూడా జరిగిన చర్చంతా హీరో చుట్టూ తిరిగింది. అరెస్టు సబబా కాదా, పోలీసులు అనుమతి ఇచ్చారా లేదా, ప్రభుత్వానికి సినిమా పరిశ్రమ మీద కోపమా ప్రేమా - ఇవే ప్రశ్నలు. ఎవరి బాధ్యత ఎంత అన్నది కోర్టు తేల్చవలసిన విషయం గనుక దాని జోలికి ఇక్కడ పోను. అయితే ఆ చర్చ సందుల్లోంచి ఇంకొక మాట కూడా వినిపిస్తూ వచ్చింది. రాత్రిపూట, అంత జనంలోకి, పిల్లల్ని వెంటబెట్టుకుని ఆడమనిషి సినిమాకి ఎందుకు వెళ్ళాలి? ఈ మాట అన్నవాళ్ళు దుర్మార్గులేమీ కారు. మన చుట్టాలు, మనతో కలిసి బస్సులో వచ్చేవాళ్ళు, ఒకరిద్దరు మన సంఘాల్లో పనిచేసేవాళ్ళు కూడా.

ఈ ప్రశ్న మనకు కొత్త కాదు. 2012 డిసెంబరు 16న ఢిల్లీలో ఆ విద్యార్థిని సినిమా చూసి ఇంటికి వెళ్ళడానికే బస్సు ఎక్కింది. అప్పుడు కూడా ఇదే అడిగారు. మగవాడు మొదటి ఆట టిక్కెట్టు కోసం లాఠీదెబ్బలు తింటే దాన్ని అభిమానం అంటారు. కటౌటు కడుతూ కరెంటు తగిలి చనిపోతే పెద్దలు ఆ ఇంటికి వెళ్ళి పరామర్శించి వస్తారు. ఆ వేళప్పుడు నువ్వక్కడ ఎందుకున్నావని అతన్ని ఎవరూ అడగరు. అతను ఉండవలసిన చోటే ఉన్నాడని అందరి నమ్మకం. ఆమె మాత్రం తనది కాని చోటికి వెళ్ళింది. రోడ్డు, పార్కు, టీ కొట్టు, పంచాయితీ అరుగు వరసలో సినిమా హాలు కూడా మగవాళ్ళ స్థలమేనని మనం ఒప్పేసుకున్నాం కాబట్టే ఈ ప్రశ్న అంత సహజంగా నోట్లోంచి వస్తుంది.

నేను చెప్పదలచుకున్నది సూటిగా చెబుతాను. సినిమాకి వెళ్ళడం స్త్రీల హక్కు. సినిమా హాలు లైసెన్సు మీద నడిచే బహిరంగ స్థలం. ఆ స్థలాన్ని ఈ వ్యాపారం స్త్రీలకు దూరం చేసింది. దూరం చేసి, మీరు రావడం లేదు కాబట్టి హాళ్ళు మూతపడుతున్నాయని తిరిగి స్త్రీల మీదే నేరం మోపుతోంది.

‘ఫ్యామిలీ ఆడియన్స్’ అనే లెక్క

సినిమా వ్యాపారానికి తనదైన భాష ఉంది. ‘మాస్’ అంటే మగవాళ్ళు. ‘క్లాస్’ అంటే కాస్త చదువుకున్న మగవాళ్ళు. ‘యూత్’ అంటే కుర్రవాళ్ళు. స్త్రీకి ప్రేక్షకురాలిగా ఒక పేరంటూ లేదు. ఆమె ‘ఫ్యామిలీ ఆడియన్స్’లో ఉంటుంది. అంటే భర్త, పిల్లలు, అత్తమామలతో కలిపి గంపగుత్తగా ఒక లెక్క. హాస్టల్లో ఉండి చదువుకునే అమ్మాయి, బట్టల దుకాణంలో పనిచేసే అమ్మాయి, భర్త పోయిన స్త్రీ, భర్తను వదిలేసిన స్త్రీ, సెలవు రోజున నలుగురు స్నేహితురాళ్ళతో వెళ్దామనుకునే టీచరు - వీళ్ళెవరూ ఆ మాటలో ఇమడరు. నిర్మాతలు సభల్లో చేతులు జోడించి ‘ఫ్యామిలీ ఆడియన్స్ మళ్ళీ థియేటర్లకు రావాలి’ అని వేడుకున్నప్పుడల్లా నాకు ఒకటే అనిపిస్తుంది. వీళ్ళు పిలుస్తున్నది నాలుగు టిక్కెట్లు కొనే ఇంటి యజమానిని. స్త్రీని పిలవడం లేదు.

హాలు నుంచి రోజూ పంపించే కలెక్షన్ రిపోర్టులో ఏ తరగతిలో ఎన్ని టిక్కెట్లు తెగాయో, పన్ను ఎంతో, అద్దె ఎంతో ఉంటుంది. కొన్నది ఆడో మగో ఉండదు. కోట్ల ‘గ్రాస్’, ‘షేరు’ ప్రకటించే పరిశ్రమకు తన ప్రేక్షకుల్లో స్త్రీలెందరో లెక్క లేదు. సమాజశాస్త్రంలో సినిమా ప్రేక్షకుల మీద వచ్చిన తొలి పరిశోధనల్లో ఒకటి 1914లో జర్మనీలో అచ్చయింది. చేసినది ఎమిలీ ఆల్టెన్‌లో అనే స్త్రీ. మన్‌హైమ్ పట్టణంలో ప్రశ్నావళులు పంచి, ఏ వర్గం వాళ్ళు, ఏ వయసు వాళ్ళు, ఆడవాళ్ళా మగవాళ్ళా అన్నది విడివిడిగా చూసింది. నూట పదేళ్ళు దాటినా మన దగ్గర వ్యాపారమూ ప్రభుత్వమూ ఆ పని మొదలుపెట్టలేదు. లెక్కలోకి రానివాళ్ళకి ఏర్పాట్లు ఎవరు చేస్తారు?

అభిమాన సంఘాల సంగతి తీసుకోండి. ఎస్.వి. శ్రీనివాస్ వంటి పరిశోధకులు తెలుగు సినిమా అభిమానుల గురించి చాలా కాలంగా రాస్తున్నారు. ఆ రచనల్లో కనిపించేది దాదాపుగా మగవాళ్ళ లోకమే. మొదటి ఆట, కాగితాల జల్లు, పాలాభిషేకం, ఈలలు, ఇతర హీరోల అభిమానులతో తగాదాలు - అన్నీ మగవాళ్ళవే. స్త్రీలకు అభిమానం లేక కాదు. ఒక నటుడి బొమ్మను పత్రికలోంచి కత్తిరించి పుస్తకంలో దాచుకున్న అమ్మాయిలు మన తరంలో ఎంతమంది లేరు! కానీ ఆ అభిమానానికి వీధిలో చోటు లేదు. వీధిలో చోటున్న అభిమానమే వ్యాపారానికి పెట్టుబడి అయింది.

ఒకప్పుడు అంతా బాగుండేదని చెప్పడం నా ఉద్దేశం కాదు. నేల, బెంచీ, కుర్చీ, బాల్కనీ అని కులాన్నీ వర్గాన్నీ వరసగా పేర్చి కూర్చోబెట్టిన హాళ్ళు అవి. చాలా ఊళ్ళల్లో ఆడవాళ్ళకు విడిగా టిక్కెట్ల కిటికీ, విడిగా కూర్చునే వైపు ఉండేవి. అందులో ఘోషా వాసన ఉన్నమాట నిజమే. అయినా ఆ ఏర్పాటులో ఒక ఒప్పుదల కూడా ఉంది. ఆడవాళ్ళు వస్తారు, గుంపుగా వస్తారు, మగతోడు లేకుండా కూడా వస్తారు అని హాలు యజమాని ముందే అనుకుని గోడ కట్టించాడు. ఆడవాళ్ళ లైను తొందరగా కదులుతుందని మగవాళ్ళు వచ్చి ‘అక్కా, నాకూ రెండు తీసుకోండి’ అని డబ్బులు చేతిలో పెట్టడం నా చిన్నతనంలో కూడా చూశాను. మధ్యాహ్నం అన్నాలయ్యాక వాడకట్టు ఆడవాళ్ళంతా కలిసి మాట్నీకి బయల్దేరితే వద్దనడానికి ఇంట్లో మగవాళ్ళు ఉండేవారు కాదు.

ఆ మాట్నీ ఎలా పోయింది? 1995లో ఈటీవీ, జెమిని వచ్చాక ఆడవాళ్ళు సీరియళ్ళకు అంటుకుపోయారని, అందుకే హాళ్ళకు రావడం మానేశారని పరిశ్రమ చెప్పే కథ. నిజంలో కొంత ముక్క ఇది. మిగిలిన ముక్క వాళ్ళు చెప్పరు. అది సినిమా ఆడే రోజుల సంగతి. యాభై రోజులు, వంద రోజులు ఆడిన కాలంలో మొదటి వారం అభిమానులది. గొడవ తగ్గాక, టిక్కెట్టు నల్లబజారు దిగివచ్చాక, చూసివచ్చిన పక్కింటావిడ బాగుందని చెప్పాక, నెలజీతం వచ్చాక స్త్రీలు వెళ్ళేవారు. రెండో వారం, నాలుగో వారం, ఒక్కోసారి ఏడో వారం. సినిమా నిలబడిందా లేదా అన్నది అప్పుడు తేలేది. ఇప్పుడు ఒక పెద్ద సినిమా ఒకేరోజు వందలాది తెరల మీద పడుతుంది. మొదటి మూడు నాలుగు రోజుల్లో పిండుకున్నంత పిండుకుని వెళ్ళిపోతుంది. నెలా రెండు నెలల్లో ఓటీటీలో వస్తుంది. స్త్రీ తీరిక చేసుకుని, డబ్బు చేర్చుకుని, తోడు వెతుక్కుని బయల్దేరే సరికి హాల్లో ఆ బొమ్మ ఉండదు. వంద రోజుల పండుగ పోయిందని పాత నిర్మాతలు బాధపడతారు గాని, ఆ వంద రోజుల్లో ఎనభై రోజులు స్త్రీల కాలమని గుర్తించరు.

దీని వెనక డబ్బు నడిచే తీరు కూడా తెలుసుకోవాలి. తెలుగు రాష్ట్రాల్లో ఒకే తెర ఉన్న హాళ్ళు చాలావరకు అద్దె మీద నడుస్తాయి. సినిమా తెచ్చిన డిస్ట్రిబ్యూటరు ఇంత అని అద్దె కడతాడు, వసూలు తాను తీసుకుంటాడు. మల్టీప్లెక్సులకు శాతం లెక్క. వసూళ్ళు బాగున్న మొదటి వారం అద్దె, పడిపోయాక శాతం అంటున్నారని హాళ్ళ యజమానులు 2025 మే నెలలో గోల చేశారు. జూన్ 1 నుంచి మూసేస్తామని కూడా అన్నారు, తర్వాత వెనక్కి తగ్గారు. వాళ్ళ ఫిర్యాదులో న్యాయం ఉంది. కానీ ఆ తగాదాలో నిర్మాత, పంపిణీదారు, యజమాని, ప్రభుత్వం మాట్లాడారు తప్ప ప్రేక్షకురాలు అన్న మాట నాకు ఎక్కడా కనబడలేదు. అద్దె తీసుకునే యజమానికి లోపల ఎవరు కూర్చున్నారన్న పట్టింపు ఉండదు. వారం రోజులకు వచ్చిపోయే డిస్ట్రిబ్యూటరు మరుగుదొడ్డి బాగు చేయించడు. ఆమె ఎవరి ఖాతాలోనూ లేదు.

ధర గురించి

‘పుష్ప 2’ ముందురోజు రాత్రి ప్రదర్శనకు తెలంగాణ ప్రభుత్వం టిక్కెట్టు మీద 800 రూపాయలు పెంచుకోనిచ్చింది. 2024-25లో రెండు తెలుగు రాష్ట్రాల్లోనూ ఉపాధి హామీ కూలి రోజుకు 300 రూపాయలు. పెంచిన మొత్తమే రెండున్నర రోజుల కూలికి మించి ఉంది. అసలు ధర దానికి అదనం. తొక్కిసలాట తర్వాత ఇక మీదట ముందస్తు ప్రదర్శనలు, ధరల పెంపు ఉండవని ప్రభుత్వం ప్రకటించింది. నెల తిరక్కముందే, 2025 జనవరిలో, ఇంకొక సినిమాకు తెల్లవారుజాము ఆటకూ ధర పెంపుకూ అనుమతి ఇచ్చింది. హైకోర్టు నిలదీశాక వెనక్కి తీసుకుంది. సెప్టెంబరులో మళ్ళీ ఒక రాత్రి ప్రీమియరు, మళ్ళీ 800 టిక్కెట్టు. ఒక ప్రాణం విలువ ఈ వ్యాపారంలో మూడు వారాలు.

ఆంధ్రప్రదేశ్‌లో కథ తిరగబడి నడిచింది. 2021 ఏప్రిల్ ఉత్తర్వులో గ్రామ పంచాయతీల్లోని ఏసీ లేని హాళ్ళకు 5, 10, 15 రూపాయల టిక్కెట్లు నిర్ణయించారు. పేదవాడి వినోదం అన్నారు. 2022 మార్చిలో దాన్ని సవరించి కనీసం 20, గరిష్ఠం 250 చేశారు. పేదవాడి వినోదం అన్నప్పుడు పేద స్త్రీ ఎవరి కళ్ళ ముందూ లేదు. ఐదు రూపాయల టిక్కెట్టుతో ఆడవాళ్ళ మరుగుదొడ్డికి నీళ్ళు రాలేదు, ఎనిమిది వందల టిక్కెట్టుతోనూ రాలేదు. అయితే ఆ గొడవ ఒక విషయం రుజువు చేసింది. 2021 డిసెంబరులో అధికారులు ఆంధ్రప్రదేశ్ అంతటా హాళ్ళ మీద పడి లైసెన్సులు, అగ్నిమాపక అనుమతులు తనిఖీ చేసి కొన్నిటికి సీలు వేశారు. 2022 ఫిబ్రవరిలో ఒక పెద్ద హీరో సినిమా విడుదలైనప్పుడు టిక్కెట్టు ధర కోసం రెవెన్యూ ఉద్యోగులు హాళ్ళ దగ్గర కాపలా కాశారు. కావాలనుకుంటే ప్రభుత్వం హాల్లోకి రాగలదన్నమాట. ఆడవాళ్ళ మరుగుదొడ్డి తలుపుకి గడియ ఉందో లేదో చూడడానికి ఒక్క రోజైనా వచ్చిందా?

మల్టీప్లెక్సుల్లో మరుగుదొడ్లు శుభ్రంగా ఉంటాయి, ఒప్పుకుంటాను. మధ్యతరగతి అమ్మాయిలు అక్కడికి ధైర్యంగా వెళ్తున్నారు కూడా. ఆ శుభ్రతకు ధర ఉంది, ఆ ధర చాలామందిని గుమ్మం బయటే ఆపేస్తుంది. ఆ మరుగుదొడ్లు కడిగేది, ఆటకీ ఆటకీ మధ్య పావుగంటలో సీట్ల కింద మక్కపేలాలు ఊడ్చేది స్త్రీలే. చాలాచోట్ల కాంట్రాక్టరు కింద. వాళ్ళు ఆ సినిమా చూశారా అని మాత్రం అడగకండి.

టిక్కెట్టు డబ్బులో డిస్ట్రిబ్యూటరుకు వాటా పోతుంది. తినుబండారాల డబ్బులో అతనికి వాటా లేదు. అందుకే మక్కపేలాలకు అంత ధర, అందుకే గుమ్మం దగ్గర స్త్రీల సంచులు వెతకడం. 2023 జనవరి 3న సుప్రీంకోర్టు ఈ విషయంలో తీర్పు ఇచ్చింది. హాలు యజమాని ప్రైవేటు ఆస్తి, బయటి తిండి వద్దనే హక్కు అతనికి ఉంది అన్నది. తాగునీళ్ళు ఉచితంగా ఇవ్వాలని, పసిపిల్లలకు తల్లిదండ్రులు తెచ్చే తిండికి అడ్డు చెప్పకూడదని కూడా అన్నది. మొదటి సగం ప్రతి హాలు గుమ్మం మీదా బోర్డు అయింది. రెండో సగం ఎక్కడైనా బోర్డుగా చూశారా? పిల్లకు పెట్టే పెరుగన్నం డబ్బా కోసం సెక్యూరిటీ గార్డుతో వాదించే తల్లికి తన పక్షాన సుప్రీంకోర్టు ఉందని తెలియదు. అసలు ఆ తీర్పుతోనే నాకు పేచీ ఉంది. నచ్చకపోతే వెళ్ళకు, అది అతని ఆస్తి అనడం, ఇంటి నుంచి చేగోడీలు తెచ్చుకుని పదిమంది కలిసి సినిమా చూసిన అలవాటును ఒక్క వాక్యంతో ఆస్తిహక్కు కింద జమ కట్టేయడమే.

రక్షణ పేరుతో గోడలు వద్దు

ఇక చీకట్లో పడే చెయ్యి గురించి. వెనక సీటులోంచి వచ్చే కాలు, పక్క సీటు చేతిపట్టె మీద పాకే మోచెయ్యి, విరామంలో గుంపులో తగిలే చేతులు - ఇవి పడని స్త్రీని నేను ఇంతవరకు కలవలేదు. మనం సాధారణంగా చేసేది సీటు మారడం, తమ్ముణ్ణి మధ్యలో కూర్చోబెట్టడం, లేదా ఇక వెళ్ళడం మానేయడం. వ్యాపారం నష్టాల్లో ఈ మానేయడం ఎక్కడా కనబడదు.

చట్టం ఏం చెబుతుందో మన కార్యకర్తల్లో కూడా చాలామంది గమనించలేదు. పని ప్రదేశంలో లైంగిక వేధింపుల నిరోధక చట్టం, 2013 ప్రకారం వినోద వ్యాపారం జరిగే చోటు కూడా పని ప్రదేశమే. ఫిర్యాదు చేసే స్త్రీ అక్కడ ఉద్యోగి అయి ఉండవలసిన అవసరం లేదు. ఏ వయసు స్త్రీ అయినా, ఉద్యోగి అయినా కాకపోయినా అని నిర్వచనంలోనే ఉంది. టిక్కెట్టు చించేవాడో, గార్డో, మేనేజరో వేధిస్తే ప్రేక్షకురాలు కూడా ఆ చట్టం కింద ఫిర్యాదు చేయవచ్చు. అక్కడ పనిచేసే స్త్రీలకు, బయటి నుంచి వచ్చే ప్రేక్షకుల వేధింపుల నుంచి కూడా రక్షణ కల్పించడం యజమాని విధి. పదిమంది, అంతకు మించి పనిచేసే హాల్లో అంతర్గత కమిటీ ఉండాలి. తక్కువమంది ఉంటే జిల్లా స్థానిక కమిటీ ఉంది. శిక్షల వివరాలు, కమిటీ వేసిన ఉత్తర్వు అందరికీ కనబడేచోట పెట్టాలి. పొగాకు హెచ్చరికను ప్రతి ఆటలో తెర మీద వేస్తున్న హాళ్ళు ఈ బోర్డు ఒకటి పెట్టలేవా?

ఈ మాట చెప్పాక వెంటనే ఇంకొకటి చెప్పకపోతే నేను ప్రమాదకరమైన పని చేసినట్టవుతుంది. 1991 జూలై 4న చుండూరు సినిమా హాల్లో ఒక దళిత యువకుడి కాలు అగ్రకుల యువకుడికి తగిలింది. దాని మీద మొదలైన కక్ష సాంఘిక బహిష్కరణగా మారి, ఆగస్టు 6న ఎనిమిదిమంది దళితుల హత్యలో తేలింది. దళిత యువకులు తమ ఆడవాళ్ళతో అసభ్యంగా ప్రవర్తిస్తున్నారన్న ప్రచారం అప్పుడు బలంగా నడిచింది. అగ్రకుల స్త్రీలను ముందు నిలబెట్టి ఆ ప్రచారం చేశారు. స్త్రీల మర్యాద అన్న మాట కుల హింసకు ఎలా ఆయుధమయిందో వసంత కన్నబిరాన్, కల్పన కన్నబిరాన్ ఆ ఏడాదే రాశారు. 2007లో ప్రత్యేక కోర్టు శిక్షలు వేసింది, 2014లో హైకోర్టు అందరినీ విడుదల చేసింది. కాలు తగలడం ఒక్కో హాల్లో ఒక్కో అర్థం సంతరించుకుంటుంది. ఎవరి కాలు, ఎవరికి తగిలింది అన్నదాన్ని బట్టి శిక్ష మారిపోతుంది.

అందుకే నేను ఆడవాళ్ళకు విడి సీట్లు అడగడం లేదు, హాలు గుమ్మంలో మరిన్ని లాఠీలూ అడగడం లేదు. లాఠీ ఎప్పుడూ చవక టిక్కెట్టు వరస మీదే పడుతుంది, మల్టీప్లెక్సు రిక్లైనరు మీద పడదు. రక్షణ పేరుతో కుర్రవాళ్ళను, ముఖ్యంగా దళిత, ముస్లిం కుర్రవాళ్ళను, ఏరి బయటికి నెట్టడానికి స్త్రీవాదం పేరు వాడుకోనివ్వకూడదు. ఆడవాళ్ళు ఎక్కువగా వచ్చే హాలే ఆడవాళ్ళకు క్షేమమైన హాలు. వాళ్ళు ఎందుకు రాలేకపోతున్నారో ఆ అడ్డులు తీయడమే రక్షణ. గుమ్మం దగ్గర వెలుతురు, పనిచేసే గడియ, తెరిచి ఉండే ద్వారాలు, ఇంటికి బస్సు. ద్వారాల మాట ఊరికే అనడం లేదు. 1997 జూన్ 13న ఢిల్లీ ఉపహార్ హాల్లో మంటలు రేగి 59 మంది చనిపోయారు. బాల్కనీలో అదనపు సీట్లు వేశారు, యజమానుల కుటుంబం కోసం ఎనిమిది సీట్ల బాక్సు కట్టి కుడివైపు ద్వారాన్నే మూసేశారు. లోపల ఎంతమందిని కుక్కవచ్చన్నదే లెక్క అయినప్పుడు బయటికి దారి ఎవరికి పడుతుంది?

మన సంఘాల నుంచి ఒక అభ్యంతరం వస్తుందని తెలుసు. ఆ సినిమాల్లో ఏముందని వెళ్ళడం? వెంటపడడమే ప్రేమగా, చెంపదెబ్బే మగతనంగా చూపే బొమ్మలు. అశ్లీల పోస్టర్ల మీద తారు పూసిన ఉద్యమం మనది, స్త్రీల అసభ్య చిత్రణ నిషేధ చట్టం 1986లో రావడం వెనక మన పోరాటమూ ఉంది. అటువంటిది ఆ బొమ్మ చూసే హక్కు కోసం కొట్లాడాలా అంటారు. వీధి బాగుంటేనే వీధిలో నడిచే హక్కు అడుగుతామా? పోటీలో ఉన్న అభ్యర్థులు మంచివాళ్ళయితేనే ఓటు అడిగామా? పైగా తెర మీద స్త్రీ ఎలా ఉండాలన్నది రచయిత మనసులో పుట్టే విషయం మాత్రమే కాదు. మొదటి మూడు రోజుల్లో హాల్లో ఎవరు కూర్చుంటారన్న లెక్కలోంచి అది పుడుతుంది. ఆ మూడు రోజులూ కుర్రవాళ్ళవేనని ముందే రాసుకున్న వ్యాపారం, తెర మీదికి వాళ్ళకు నచ్చుతుందనుకున్న స్త్రీనే తెస్తుంది. పోస్టరు మీద తారు పూయడం అవసరమే. పోస్టరు పక్కన ఉన్న టిక్కెట్ల కిటికీ సంగతి కూడా పట్టించుకోవాలి.

ఇంకొక అభ్యంతరం కొత్తది. ఫోన్లోనే అన్నీ వస్తున్నాయి కదా, ఇంట్లో కూర్చుని చూసుకోవచ్చు కదా అని. ఇంట్లో ఎవరు కూర్చుంటారు? 2024 కేంద్ర ప్రభుత్వ కాలవినియోగ సర్వే ప్రకారం ఆరేళ్ళు పైబడినవారిలో జీతం లేని ఇంటి పని చేసే స్త్రీలు రోజుకు 289 నిమిషాలు ఆ పనికి పెడుతున్నారు. ఆ పని చేసే మగవాళ్ళు పెట్టేది 88 నిమిషాలు. ఇంట్లో ఆమె బొమ్మ చూస్తున్నంతసేపూ చేతులు చిక్కుడుకాయలు తుంచుతూనే ఉంటాయి, చెవి కుక్కరు ఈల మీద ఉంటుంది. హాల్లో చీకట్లో ఆమె చేతులు రెండున్నర గంటలు ఖాళీగా ఉంటాయి. ఎవరూ మంచినీళ్ళు అడగరు. మగవాడికి ఇటువంటి చోట్లు ఊళ్ళో పది ఉన్నాయి. ఆమెకు గుడి, సినిమా హాలు. గుడిలో కూడా ప్రసాదం ఇంటిల్లిపాదికీ పట్టుకురావాలి.

2023 డిసెంబరు నుంచి తెలంగాణలో, 2025 ఆగస్టు నుంచి ఆంధ్రప్రదేశ్‌లో స్త్రీలకు ఆర్టీసీ బస్సుల్లో ఉచిత ప్రయాణం వచ్చింది. ఆడవాళ్ళు పని లేకుండా తిరుగుతున్నారని వెంటనే వెక్కిరింపులు మొదలయ్యాయి. తిరగనివ్వండి. పని లేకుండా తిరగడం మగవాళ్ళ జన్మహక్కు ఏమీ కాదు. కానీ ఆ బస్సు మొదటి ఆట వదిలే వేళకు ఎన్ని ఊళ్ళకు ఉంది? రెండో ఆట సంగతి చెప్పనక్కర్లేదు. డిపో మేనేజరుకు ఇచ్చే వినతిపత్రంలో ఆసుపత్రి, కాలేజీ అని రాస్తాం. సినిమా అని రాయడానికి సిగ్గుపడతాం. రాయండి.

జిల్లాల్లో రెవెన్యూ అధికారులు, హైదరాబాదులో పోలీసు కమిషనరు హాళ్ళకు లైసెన్సులు ఇస్తారు, గడువు తీరాక పునరుద్ధరిస్తారు. సంధ్య ఘటన తర్వాత లైసెన్సు ఎందుకు రద్దు చేయకూడదో చెప్పమని పోలీసులు ఆ హాలుకు నోటీసు ఇచ్చారు. ఆ అధికారం తొక్కిసలాట జరిగాకే నిద్ర లేవాలా? మీ ఊరి హాలు లైసెన్సు ఫైలు సమాచార హక్కు చట్టం కింద పది రూపాయల రుసుముతో అడగవచ్చు. చివరి తనిఖీ ఎప్పుడు జరిగింది, ఆడవాళ్ళ మరుగుదొడ్ల గురించి ఆ నివేదికలో ఏం రాశారు, అంతర్గత కమిటీ ఉందా, అక్కడ ఊడ్చే స్త్రీల పేర్లు హాజరుపట్టీలో ఉన్నాయా - ఈ నాలుగూ అడగండి. జవాబు వచ్చినా, ముప్ఫై రోజుల్లో రాకపోయినా ఆ కాగితం నకలు పత్రికకు పంపండి. వచ్చే సంచికలో జిల్లాల వారీగా వేద్దాం.